చికాగో 1893 ఎగ్జిబిషన్ పుస్తకం చదివినవాళ్లు ఉన్నారా? హంతకుడి కథా, ఊరి కథా?

గోదారి_చదువరి:
అందరికీ నమస్తే. చాన్నాళ్ల తర్వాత ఒక పుస్తకం నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు, అందుకే ఈ థ్రెడ్. ఎరిక్ లార్సన్ రాసిన ‘ద డెవిల్ ఇన్ ద వైట్ సిటీ’. 2003లో వచ్చింది, నాకు ఇప్పుడు దొరికింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్ గురించి. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిందని పెట్టారు, మే 1న మొదలై అక్టోబర్ 30న అయిపోయింది, ఆ ఆరు నెలల్లో లోపలికెళ్లినవాళ్ల లెక్క 2 కోట్ల 70 లక్షల పైమాటే. అప్పటికి అమెరికా మొత్తం జనాభా సుమారు ఆరున్నర కోట్లే, కొందరు రెండు మూడుసార్లు వెళ్లారనుకున్నా అది మామూలు సంగతి కాదు.

పుస్తకంలో రెండు కథలు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి ఎగ్జిబిషన్ మొత్తాన్ని భుజాన మోసిన ఆర్కిటెక్ట్ డేనియల్ బర్న్‌హామ్‌ది. రెండోది అదే టైములో అదే ఊళ్లో ఎంగిల్‌వుడ్ అనే పేటలో బిల్డింగ్ కట్టుకుని మనుషుల్ని మాయం చేసిన హెచ్.హెచ్. హోమ్స్‌ది. నేను హోమ్స్ కోసమే కొన్నాను, నిజం చెప్తున్నా. సగం దాటేసరికి హోమ్స్ చాప్టర్ వస్తే అబ్బా ఇదెప్పుడైపోతుందా, మళ్లీ ఆ ఇసుక నేల మీద పునాదులు ఎంతవరకు వచ్చాయో ఎప్పుడు చెప్తాడా అనిపించింది. మీకూ అలాగే ఉందా, నాకొక్కడికేనా?

విశాఖ_రాధిక:
నాకు పూర్తిగా రివర్స్ అండి. బర్న్‌హామ్ చాప్టర్లలో కమిటీలు, మీటింగులు, ఉత్తరాలు, మళ్లీ కమిటీలు... మధ్యలో రెండుసార్లు పక్కన పెట్టేశాను. హోమ్స్ కథ కాదు గానీ చివర్లో డిటెక్టివ్ గేయర్ వస్తాడు చూడండి, అక్కడ నుంచి పుస్తకం కింద పెట్టలేకపోయాను. హోమ్స్ తన దగ్గర పనిచేసిన పైట్‌జెల్‌ని చంపేసి అతని ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిప్పుతాడు కదా, ఆ పిల్లలు వాళ్లమ్మకి ఉత్తరాలు రాసి పోస్ట్ చెయ్యమని ఇతనికే ఇస్తారు. ఇతను ఒక్కటీ పోస్ట్ చెయ్యడు, అన్నీ రేకు డబ్బాలో దాచిపెడతాడు. గేయర్‌కి ఆ ఊళ్ల దారి చూపించింది ఆ ఉత్తరాలే. పెద్దమ్మాయి ఆలిస్ మాటలు చదువుతుంటే ఇక నా వల్ల కాలేదు, మా పాప పక్కనే పడుకుని ఉంది, లేచి దుప్పటి సరిచేసి వచ్చాను.

గోదారి_చదువరి:
రాధిక గారూ ఆ ఉత్తరాల దగ్గర నేనూ ఆగిపోయానండి. ఆ ముగ్గురిలో ఆడపిల్లలిద్దరి శవాలూ టొరంటోలో ఒక ఇంటి నేలమాళిగలో దొరికాయి. అది చదివాక హోమ్స్ తెలివితేటల గురించి మాట్లాడాలని కూడా అనిపించలేదు.

లా_చదివినోడు:
హోమ్స్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నెట్లో ఇతని మీద తెగ పుకార్లు తిరుగుతున్నాయి. రెండొందల మందిని చంపాడు, ఎగ్జిబిషన్‌కి వచ్చిన టూరిస్టుల్ని హోటల్లో పెట్టి గ్యాస్ వదిలాడు అని వీడియోలు కనిపిస్తాయి. కోర్టులో రుజువై శిక్ష పడింది ఒక్క పైట్‌జెల్ హత్యకే. 1896 మే 7న ఫిలడెల్ఫియాలో ఉరి తీశారు. దానికి ముందు 27 మందిని చంపానని పేపర్‌కి డబ్బులు తీసుకుని ఒప్పుకోలు రాశాడు, అందులో కొందరు అప్పటికి శుభ్రంగా బతికే ఉన్నారు. అప్పటి పేపర్లు ఆ బిల్డింగ్‌ని కోట కోట అని రాసి రాసి పెంచేశాయి, ఆ రెండొందల లెక్క చాలా ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు కలిపింది. లార్సన్ అంత దూరం వెళ్లలేదు, ఆ క్రెడిట్ ఇవ్వాలి. కానీ ఒకట్రెండు హత్యల సీన్లు తను దొరికిన ఆధారాల మీద అల్లినవే అని చివర నోట్స్‌లో ఆయనే రాశాడు. మనలో నోట్స్ దాకా వెళ్లి చదివేది ఎంతమంది చెప్పండి? చరిత్ర అన్నప్పుడు ఊహించి రాసింది ఆ పేజీలోనే తెలియాలి, వెనక నాలుగొందల పేజీల తర్వాత కాదు. నా గట్టి అభ్యంతరం ఇదే.

గోదారి_చదువరి:
ఒప్పుకుంటా లాయర్ గారూ. అయితే కోట్స్ మధ్యలో ఉన్న ప్రతి మాటా ఏదో ఒక ఉత్తరం లోంచో డైరీ లోంచో రికార్డు లోంచో తీసిందే అని మొదట్లోనే చెప్తాడు, అది చదివాకే నాకు నమ్మకం కుదిరింది.

కాంక్రీట్_శ్రీను:
నేను సివిల్. మా వాళ్లెవరైనా ఈ పుస్తకం చదవకపోతే బలవంతంగా చదివించాలి. చికాగో నేల గురించి రాసిన చోట నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కింద మెత్తటి బంకమట్టి, గట్టి రాయి చాలా లోతున ఉంది, పది అంతస్తులు కడితే కుంగిపోవాల్సిందే. బర్న్‌హామ్ పార్ట్‌నర్ జాన్ రూట్ ఏం చేశాడంటే రైలు పట్టాల్ని అడ్డంగా నిలువుగా వరసలు పేర్చి కాంక్రీట్‌లో ముంచి పెద్ద పలకలా పోశాడు, బిల్డింగ్ బరువంతా ఆ పలక మీద పరుచుకుంటుంది, మట్టి మీద పడవలా కూర్చుంటుంది. 1880ల్లో అది. మేం కాలేజీలో గ్రిల్లేజ్ ఫౌండేషన్ అని ఒక బొమ్మ గీసి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నాం, దాని వెనక ఇంత మనిషి ఉన్నాడని ఏ సారూ చెప్పలేదు.

ఆ రూట్ 1891 జనవరి 15న న్యుమోనియాతో పోయాడు. 41 ఏళ్లే. న్యూయార్క్ నుంచీ బోస్టన్ నుంచీ పెద్ద పెద్ద ఆర్కిటెక్ట్‌లందరినీ బతిమాలి రప్పించి, వాళ్లు ఊళ్లో దిగి ఉన్న వారమే. చేతిలో రెండేళ్ల చిల్లర టైముంది, సైట్ చూస్తే ఇసుక, నీళ్ల గుంటలు, ఎండిపోయిన ఓక్ చెట్లు. పక్కన ఉండాల్సిన మనిషి లేడు. నాకు అసలు కథ అక్కడే మొదలైంది. ఇంకొకటి, పోస్ట్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన మాన్యుఫాక్చర్స్ బిల్డింగ్ కొలత 1687 అడుగులు ఇంటూ 787 అడుగులు. గుణించి చూడండి, ఒక్క కప్పు కింద 30 ఎకరాలు వస్తుంది. మా ఊళ్లో 30 ఎకరాలున్న రైతుని మోతుబరి అంటారు.

గోదారి_చదువరి:
శ్రీనూ, ఆ 30 ఎకరాలూ చూడ్డానికి పాలరాతి మహల్. నిజానికి రాయే కాదు. లోపల ఇనుము, చెక్క, పైన ‘స్టాఫ్’ అనే పూత. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో కొంచెం సిమెంటు, జనపనార పీచు కలిపి స్తంభాలు, విగ్రహాలు, దేవతల ముఖాలు అన్నీ అచ్చులు పోసి బిగించారు. అంతా తెల్ల రంగు, అందుకే వైట్ సిటీ అన్నారు.

మోల్డింగ్_యాదగిరి:
అన్నా నేను పుస్తకం సదవలే కానీ ఈ పీచు ముచ్చట సూసి ఆగలేకపోయిన. నేను సినిమా సెట్లల్ల మోల్డింగ్ పని జేస్త, పన్నెండేండ్లాయె. మీరు జెప్పింది మేం రోజూ జేసే పనే. ముందు మట్టితోని బొమ్మ జేస్తం, దాని మీద అచ్చు దీస్తం, అచ్చుకు లోపట సబ్బునీళ్లో నూనో రాస్తం అంటుకోకుంట, ఆనక పీఓపీ గలిపి ఒక పొర పోసి అది గట్టివడకముందే పీచు పాలల్ల ముంచినట్టు ముంచి పరుస్తం. పీచు లేకుంటే అచ్చుల కెంచి దీసేటప్పుడే ముక్కలైతది. కలిపినంక మీకు పది నిమిషాలు గూడ ఉండదు, చెయ్యి ఆగిందా గిన్నెలనే రాయి అయితది. ఎండకాలం ఇంకా తొందర గడ్తది. గుడి గోపురం అయినా రాజమహల్ దర్బారైనా గిట్లనే.

గంత పెద్ద ఊరు మొత్తం ఇట్ల జేసిన్రంటే నాకు నమ్మబుద్ధైతలేదు. ఎంతమంది పనోళ్లు ఉండాలె? రంగెట్ల ఏసిన్రు? అది చెప్పున్రి. మా సెట్టుకు మూడు రోజులల్ల తెల్ల రంగు ఎయ్యాల్నంటేనే మా మేస్త్రికి నిద్రుండది.

గోదారి_చదువరి:
యాదగిరన్నా, నువ్వు చెప్పింది చదివాకే నాకు ఆ చాప్టర్ కళ్ల ముందు నిలబడింది. పనివాళ్లు వేలల్లో, చలికాలంలో రాత్రి లైట్లేసుకుని కూడా చేశారు. రంగుకి బ్రష్షులు సరిపోవని ఫ్రాన్సిస్ మిల్లెట్ అనే పెయింటర్ టీము పైపుకి కంప్రెస్డ్ ఎయిర్ పెట్టి చిమ్మారు. ఇప్పుడు మనం స్ప్రే పెయింటింగ్ అంటామే, అదే. ఇంకోటి, ఆ మిల్లెట్ 1912లో టైటానిక్‌లో పోయాడు. పుస్తకం మొదలయ్యేదే అక్కడ, ముసలాయన బర్న్‌హామ్ ఒలింపిక్ అనే ఇంకో ఓడలో ఉండి తన ఫ్రెండ్ మిల్లెట్‌కి వైర్‌లెస్‌లో కబురు పంపించమంటాడు, అది వెళ్లదు, ఎందుకో చెప్పరు. ఆ రెండు మూడు పేజీలకే పుస్తకం డబ్బులు వచ్చేశాయి.

మోల్డింగ్_యాదగిరి:
గాలితోని రంగు చిమ్ముడు 130 ఏండ్ల కిందనా! మా మేస్త్రికి జెప్త. మరి ఎన్నేండ్లు నిలవడ్డయన్నా అవి? పీఓపీకి వాన తాకితే ఒకట్రెండు సీజన్లే.

గోదారి_చదువరి:
నిలబడలేదన్నా. 1894లో మంటలు పట్టి చాలావరకు తగలబడిపోయాయి.

నేపర్‌విల్_అక్క:
నేను చికాగో పక్కనే ఉంటానండి, పదిహేనేళ్లు. ఈ పుస్తకం చదివి పోయిన నెల పిల్లల్ని తీసుకుని ఆ ఎగ్జిబిషన్ జరిగిన జాక్సన్ పార్క్ అంతా కాళ్లు నొప్పెట్టేదాకా తిరిగాను. పార్కులో మిగిలిన పెద్ద బిల్డింగ్ ఒక్కటే, అప్పటి ఫైన్ ఆర్ట్స్ ప్యాలెస్. లోపల ఖరీదైన పెయింటింగులు పెట్టాలి కాబట్టి నిప్పంటుకోకుండా ఇటుకతో కట్టారట, అందుకే బతికింది. బయటి స్టాఫ్ పూతంతా తర్వాత ఊడగొట్టి రాయితో మళ్లీ కట్టి 1933లో సైన్స్ మ్యూజియం చేశారు. అందరూ ముందు నుంచి వెళ్లి వచ్చేస్తారు, మీరు వస్తే వెనక్కి వెళ్లండి. వెనక చెరువు వైపు నిలబడితే మెట్లు, పెద్ద పెద్ద ఆడ విగ్రహాలు కప్పుని తలమీద మోస్తున్నట్టు, నీళ్లలో నీడ. ఆ ఎగ్జిబిషన్‌లో పడవలో వచ్చినవాళ్లకి ఇటువైపే కనిపించేది. నా కాళ్లు అక్కడ నుంచి కదల్లేదు.

చెరువు మధ్యలో చెట్ల దీవి ఉంది. పార్క్ డిజైన్ చేసిన ఓమ్‌స్టెడ్ ఆ దీవి మీద ఏదీ కట్టొద్దు, జనం ఆ తెల్ల బిల్డింగులు చూసి కళ్లు అలిసిపోతే ఇక్కడికొచ్చి కూర్చోవాలి అని పాపం ఎంత పోట్లాడాడో పుస్తకంలో ఉంది కదా. చివరికి జపాన్ వాళ్ల గుడి లాంటి మండపం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ జపనీస్ తోట ఉంది. వేరే చోట బంగారు రంగు రిపబ్లిక్ విగ్రహం, 24 అడుగులు, 1918లో పెట్టిన నకలు. అసలుది 65 అడుగులట! హోమ్స్ బిల్డింగ్ ఉన్నచోట ఇప్పుడు పోస్టాఫీసు ఉంది, అటు వెళ్లలేదు, వెళ్లాలనిపించలేదు.

రాయలసీమ_కుర్రోడు:
అక్కా జెయింట్ వీల్ ఎక్కడుండేదో అక్కడికి పోయినారా? నాకు ఆ పార్టే ప్రాణం. ప్యారిస్ వాళ్లు 1889లో ఐఫిల్ టవర్ నిలబెట్టి అమెరికా వాళ్ల పరువు తీసినారు, దాన్ని మించింది ఏదన్నా కావాల అని బర్న్‌హామ్ ఇంజనీర్లను అడిగితే అందరూ ఇంకా పెద్ద టవర్లే తెచ్చినారు. ఫెర్రిస్ అనే 33 ఏళ్ల బ్రిడ్జిల ఇంజనీర్ మాత్రం చక్రం గీసుకోనొచ్చినాడు. ఫస్టు పర్మిషన్ ఇచ్చి తెల్లారేసరికి క్యాన్సిల్ చేసినారంటే ఆ మనిషికి ఎట్లుండి ఉండాల! అయినా విడవలా. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది, అంటే నిండితే 2160 మంది ఒకేసారి గాల్లో. ఇరుసు ఒక్కటే 45 అడుగుల పైన పొడుగు, 45 టన్నుల దగ్గర బరువు. మే 1కి అందలా, జూన్ 21కి తిరిగింది. టికెట్ 50 సెంట్లు, ఎగ్జిబిషన్ లోపలికి పోయేదానికి ఎంతో దీనికీ అంతే.

ఇంకొకటి యాదికొస్తాండాది, పైకి పోయినాక ఒకాయనకు భయమెత్తుకోని తలుపు విరగ్గొట్టుకోని దూకేస్తానంటాడు, ఎవరు పట్టుకున్నా ఆగడు. ఒకామె లేచి తన పైస్కర్టు విప్పి ఆయన తల మీద కప్పేసి, ఏం కాదు ఏం కాదు అని మాట్లాడుకుంటా కిందికి దిగేదాక పట్టుకున్నాది. ఆమె పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. అంత మంది మగోళ్లలో ఆ ఆలోచన ఆమెకే వచ్చింది చూడండి.

నేపర్‌విల్_అక్క:
వెళ్లాను తమ్ముడూ. మిడ్‌వే అంటారు, యూనివర్సిటీ పక్కన పొడుగ్గా పచ్చగడ్డి మైదానం, అంతే. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. మా అబ్బాయికి ఇక్కడే 264 అడుగుల చక్రం తిరిగింది రా అంటే ఆకాశం వైపు చూసి ఎంత వరకు మమ్మీ అని అడిగాడు, పక్కనున్న బిల్డింగ్ చూపించి దానికంటే బాగా పైకి అని చెప్పాను.

కాంక్రీట్_శ్రీను:
చిన్న కరెక్షన్, చాలామంది చక్రమే ఫెర్రిస్ కనిపెట్టాడనుకుంటారు. చెక్క చక్రాలు అంతకుముందే ఉన్నాయి, మన తిరునాళ్లలో చేత్తో తిప్పే రంగులరాట్నాలున్నట్టే. అమెరికాలోనే సోమర్స్ అనే ఆయన అట్లాంటిక్ సిటీలో తిప్పేవాడు, ఫెర్రిస్ మీద కేసు కూడా వేశాడు. ఫెర్రిస్ చేసింది సైకిల్ చక్రం సూత్రాన్ని ఆ సైజుకి తీసుకెళ్లడం. ఎగ్జిబిషన్ అయ్యాక అప్పులు, గొడవలు, 1896లో టైఫాయిడ్‌తో 37 ఏళ్లకే పోయాడు. చక్రాన్ని విప్పి వేరే చోట పెట్టారు, 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లారు, 1906లో డైనమైట్ పెట్టి పేల్చేశారు.

ఉస్మానియా_మాధవి:
మంచి థ్రెడ్. కానీ ఒక గంటగా చదువుతున్నా, ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఆ వైట్ సిటీ నిజంగానే తెల్లవాళ్ల సిటీ. నల్లజాతి వాళ్లు సాధించింది చూపించడానికి చోటివ్వలేదు. నల్లజాతి జర్నలిస్టు ఇడా బి. వెల్స్, ఫ్రెడరిక్ డగ్లస్ కలిసి మమ్మల్ని ఎందుకు పక్కనపెట్టారు అని చిన్న పుస్తకం వేసి అక్కడే పంచారు. డగ్లస్‌కి కూర్చోవడానికి చోటిచ్చింది అమెరికా కాదు, హైతీ దేశం తన మండపంలో ఇచ్చింది. బానిసత్వం నుంచి తప్పించుకుని దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి, సొంత దేశం ఎగ్జిబిషన్‌లో పరాయి దేశం కుర్చీలో కూర్చున్నాడు. ఇటు మిడ్‌వేలో డహోమీ ఊరు అని ఆఫ్రికా మనుషుల్ని తెచ్చి జనానికి చూపించారు. ఇంత పెద్ద పుస్తకంలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ. హోమ్స్‌కి సగం పుస్తకం ఇచ్చినప్పుడు ఇడా వెల్స్‌కి ఒక్క చాప్టర్ ఇవ్వలేకపోయాడా అని నా బాధ.

అలాగే సోఫియా హేడెన్. ఉమెన్స్ బిల్డింగ్ డిజైన్ పోటీలో గెలిచినప్పుడు ఆ అమ్మాయి వయసు 22. ప్రైజు 1000 డాలర్లు, మగ ఆర్కిటెక్ట్‌లకి దానికి పది రెట్లు. మీద నుంచి ఎవరికి తోచిన మార్పు వాళ్లు చెప్పి ఆ పిల్లని మంచం పట్టేలా చేశారు.

లా_చదివినోడు:
మాధవి గారూ మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు. హంతకుణ్ణి పెడితే పుస్తకం అమ్ముడవుతుంది, అదీ కారణం. 2004లో ఎడ్గర్ అవార్డు వచ్చింది కూడా నేర కథనాల విభాగంలోనే.

గోదారి_చదువరి:
మాధవి గారూ, థాంక్స్. నేను ఆ పార్టు అసలు గమనించలేదు, ఇప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తున్నా. ఇడా వెల్స్ గురించి చదవాలి.

సికింద్రాబాద్_సత్యం:
మీరంతా చికాగో తిరిగారు, నేను ప్యాట్నీ దాకా తీసుకొస్తా. ఆ ఎగ్జిబిషన్‌లో భాగంగానే సెప్టెంబర్ 11న సర్వమత సభ మొదలైంది, వివేకానంద మాట్లాడింది అక్కడే, అది అందరికీ తెలుసు. అంతకు ఏడు నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న ఆయన మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడారు. పడమటి దేశాలకి నేనెందుకు వెళ్తున్నాను అన్నదే టాపిక్. సుమారు వెయ్యి మంది వచ్చారు, అంత మంది ముందు ఇంగ్లీషులో మాట్లాడ్డం ఆయనకి అదే మొదలు అంటారు. నేను స్కూలు చదివింది అక్కడే. ప్రతి ఫిబ్రవరిలో సార్లు చెప్పేవాళ్లు, మేం ఎండలో నిలబడి ఎప్పుడు వదుల్తారా అని చూసేవాళ్లం. ఇప్పుడు ఈ పుస్తకం చదివి ఆ తెల్ల ఊరు, ఆ జనం, ఆ ఖర్చు తెలిశాక ఆ ఫిబ్రవరి మీటింగ్ విలువ అర్థమైంది.

మే 31న బొంబాయిలో ఓడెక్కి జపాన్ మీదుగా జూలై ఆఖరుకి చికాగో చేరారు. తీరా చూస్తే సభ సెప్టెంబర్‌లో, పైగా ఏదైనా సంస్థ తరఫున చీటీ ఉంటేనే రానిస్తారు. చేతిలో డబ్బు కరిగిపోతోంది. ఎగ్జిబిషన్ చూశారు, ఇది పూర్తిగా చూడాలంటే పది రోజులన్నా పడుతుందని మద్రాసు శిష్యుడికి ఉత్తరం రాశారు. ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్లారు, హార్వర్డ్ ప్రొఫెసర్ రైట్ సిఫారసు రాసిచ్చాడు, తిరిగి చికాగో వచ్చేసరికి అడ్రస్ కాగితం పోయింది, ఆ రాత్రి రైల్వే యార్డులో గడిపారు. తెల్లారి రోడ్డు పక్కన కూర్చుంటే ఎదురింటి మిసెస్ హేల్ చూసి లోపలికి పిలిచి అన్నం పెట్టి సభకి దగ్గరుండి తీసుకెళ్లింది. లార్సన్ చెప్పిన చికాగో ఉంది చూడండి, ఒంటరిగా దిగిన అమ్మాయిలు మాయమైపోయే ఊరు, అదే ఊళ్లో అదే ఏడు ఇది కూడా జరిగింది.

నేపర్‌విల్_అక్క:
సత్యం గారూ నాకు కన్నీళ్లొచ్చాయి. ఆ సభ జరిగింది జాక్సన్ పార్క్‌లో కాదండి, డౌన్‌టౌన్‌లో మిషిగన్ అవెన్యూ మీద, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ బిల్డింగ్‌లో. బయట రెండు కంచు సింహాలుంటాయి. 2010లో జితీష్ కల్లట్ అనే మన ఆర్టిస్టు ఆ ప్రసంగం మాటలన్నీ లోపల పెద్ద మెట్ల మీద లైట్ల అక్షరాలతో పెట్టాడు, ఒక్కో మెట్టు ఎక్కుతూ చదువుకునేలా ఉండేది. ఆ తర్వాత తీసేశారు. ఆ రోడ్డులో కొంత భాగానికి వివేకానంద పేరు పెట్టారు, ఆ బోర్డు కింద ప్రతి తెలుగు ఫ్యామిలీ ఒక ఫొటో దిగుతుంది.

విశాఖ_రాధిక:
ఇది చదివాక బర్న్‌హామ్ చాప్టర్లు మళ్లీ మొదటి నుంచి చదవాలనిపిస్తోంది. ఈసారి వదిలెయ్యను. సత్యం గారూ వీలైతే ఆ కాలేజీ ఫొటో పెట్టండి.

సికింద్రాబాద్_సత్యం:
ఆదివారం వెళ్లి తీసి పెడతానమ్మా, వాచ్‌మన్ తెలిసినవాడే.

రాయలసీమ_కుర్రోడు:
ముగింపు గురించి ఎవరూ మాట్లాడలా. అక్టోబర్ 9న చికాగో డే అని ఒక్కరోజే ఏడు లక్షల మంది పైన వచ్చి, అప్పులు తీరిపోయి, ఇంక పండగతో ముగిద్దాం అనుకుంటాంటే అక్టోబర్ 28 రాత్రి మేయర్ హారిసన్‌ని ఆయన ఇంట్లోనే కాల్చేసినారు. ముగింపు పండగంతా క్యాన్సిల్. ఆ చాప్టర్ చదివినాక రెండు రోజులు ఏం చదవబుద్ధి కాలా.

మోల్డింగ్_యాదగిరి:
అన్నా నాకు ఇంగ్లీషు అంత రాదు. మా బిడ్డ ఇంటర్ సదువుతున్నది, ఈ థ్రెడ్ సూపిచ్చిన, ఫోన్ల ఆ పుస్తకం కొనిచ్చిన. రోజు రాత్రి బువ్వ తిన్నంక పది పేజీలు సదివి తెలుగుల జెప్తున్నది. హంతకుని చాప్టర్లు దాటవెట్టు బిడ్డా అన్న, లేదు నాయినా అవి గూడ వినాలె అంటది. స్టాఫ్ గురించి వచ్చిన కాడ నేను ఆపి అచ్చు ఎట్ల దీస్తరో ఆమెకు జెప్పిన, అప్పటిదాంక నా పని గంత మంచిగ ఎప్పుడు అడగలే ఆమె. నిన్న చక్రం దాకొచ్చినం. ఇరుసు పైకెక్కిచ్చే రోజు కాడ నిద్రొస్తున్నదని ఆపింది, మిగతాది ఈ రాత్రికి.